గీతలు తప్పించి రాసిన నూనె

మా అమ్మకు గొంతులో క్యాన్సర్ అని తేలినప్పుడు మేం నాచారంలో ఉండేవాళ్లం. ఆపరేషన్ చేస్తే మాట పోతుందనీ, రేడియేషన్ ఇస్తే మాట నిలవొచ్చనీ డాక్టరు చెప్పారు. రేడియేషన్‌ను మా బస్తీలో కరెంటు అనేవారు. అమ్మ ఉప్పల్ చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. "కరెంటే పెట్టున్రి సారూ" అంది, మమ్మల్ని ఒక్క మాటైనా అడగకుండా.

వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు. మధ్యలో ఆగితే గడ్డ మళ్లీ పెరుగుతుందని ముందే హెచ్చరించారు. కరెంటు ఎక్కడ పెట్టాలో గుర్తుగా మెడ మీద ఊదారంగు గీతలు గీసి, అవి చెరగకూడదన్నారు. సబ్బు, నూనె తగలనివ్వొద్దన్నారు. నేను ఇంట్లో కొబ్బరినూనె సీసా దాచేశాను. నా అంత జాగ్రత్త మనిషి లేదనుకున్నాను.

మూడో వారానికి మెడ నల్లగా కమిలిపోయింది. గంజి మింగాలన్నా అమ్మ ఏడ్చేది. చూడలేక పాస్టరుగారు ఇంటికొచ్చి, ప్రార్థన చేసి, చిన్న సీసాలో నూనె ఇచ్చారు. "దినాం జరంత రాయి బిడ్డా, దేవుడు సూసుకుంటడు" అన్నారు. ప్రార్థన చేసిన నూనె మా లెక్కలో నూనే కాదు. డాక్టరు వద్దన్నది దీన్ని కాదని నాకు ఎంత నమ్మకమంటే, గీతలకు తగలకుండా వేలికొసతో వారం రోజులు రాశాను.

"మెడకు ఏమన్నా పెడుతున్నరా?" అని ఆస్పత్రిలో కరెంటు పెట్టే మిషన్ దగ్గరి ఆయన అడిగాడు.

"ఏం లేదన్నా" అన్నాను. అబద్ధం చెబుతున్నానని నాకు తెలియనే తెలియదు.

చర్మం ఊడి, రసి కారి, చీము పట్టింది. కరెంటు ఆపేశారు. అది మానడానికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత మిగిలినవి పెట్టించినా గడ్డ లొంగలేదు. నూనె వల్లేనా అని డాక్టరును అడిగాను. కొందరికి ఏమీ రాయకపోయినా అలా అవుతుందన్నారు. ఆ మాట పట్టుకుని ఊరడిల్లడం నాకు చేతకాలేదు. సీసా మోరీలో పారబోశాను.

కొన్నాళ్లకు అమ్మ గొంతు గుసగుసకు దిగింది. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు నూనె రాసుడు బంద్ జేసినవ్. గందుకే మల్ల తిరగబెట్టింది."

కోపంగా అనలేదు. దోషం నాదేనని నమ్మి, నన్ను క్షమించి మరీ అంది. అసలు సంగతి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

"తప్పయిందమ్మా" అన్నాను.