పక్కకు తిరిగి కూర్చునేవాళ్ల సీటు

జీడిపప్పుకు పేరుపడ్డ పలాసలో పొద్దున్నే ఉప్మా తింటే, పళ్లెమంతా గాలించినా ఒక్క పప్పూ తగల్లేదు. ఊరినిండా ఫ్యాక్టరీలుండి ఇదేం పిసినారితనమో! సరే, అసలు సంగతికొస్తాను. పోయిన నెల మా ఆవిడ పారమ్మ నా మోటారుసైకిల్ దిగి నడుం పట్టుకుని, "ఈ సెక్క మీద ఇంక నాను కూకోను మావా. బారువకి బస్సులో వత్తాను, నువ్వొక్కడివే తోలుకో" అని తేల్చేసింది. బారువలో ఆవిడ చెల్లెలుంది. దారిపొడవునా వెనకనుంచి తిట్టే మనిషి లేకపోతే నాకు బండి నడిపినట్టే ఉండదు. అందుకే కొత్త సీటు కోసం బయలుదేరాం.

పలాసలో ఓ కొట్టువాడు జెల్లు సీటు బిగించి చూపించాడు. నేను చెరోపక్క కాలేసి కూర్చుంటే పరుపే! డబ్బులు తీయబోతుంటే పారమ్మ ఎక్కింది, చీరతో, ఎప్పటిలా పక్కకు తిరిగి. సీటు నడుమ ఎత్తుగా ఉందేమో, జర్రున జారి కొట్టువాడి మీద పడబోయింది.

"నీకిది సీటు, నాకు జారుడుబల్ల" అంది.

హైవే మీద ముప్పావుగంటలో టెక్కలి చేరాం. అక్కడ సీట్లు కుట్టే అప్పన్నతో, "మెత్తగా సెయ్యి నాయినా, ముసిల్ది" అన్నాను.

"నువ్వుండు తాతా, ఎనక కూకునేది నువ్వేటి? మామ్మా, ఎక్కడ నొప్పెడతందో నువ్వు సెప్పు."

"తొడ కింద అంచు కోసేత్తంది బాబూ."

అప్పన్న నడుమ ఎత్తు చెక్కేసి, ఎడమ అంచు గుండ్రంగా తీసి, కాస్త గట్టి స్పాంజి వేశాడు. మరీ మెత్తనిదైతే గంటలో కుంగి కింది రేకు తగులుతుందట. కవరు వేయకుండానే తాడుతో కట్టి, "బజారంతా ఓపాలి తిప్పి తే తాతా" అన్నాడు. పచ్చటి స్పాంజి మీద పారమ్మ ఊరేగుతుంటే టీకొట్టు దగ్గర ఎవడో, "తాతా, పెళ్లేటి?" అని అరిచాడు.

"అవున్రా, మళ్లీ మీ మామ్మతోనే!" అన్నాను. వీపు మీద ఒకటి పడింది.

తిరిగొచ్చాక ఆవిడ చెప్పినచోట మరికాస్త చెక్కి కవరు కుట్టాడు. మొత్తం పద్నాలుగు వందలు. అలాంటి పనితనానికి ఎక్కువేం కాదు. మధ్యాహ్నం మళ్లీ పలాస దాటి, సోంపేట మీదుగా బారువ దారి పట్టాం. కొబ్బరితోటల మధ్య బండి ఆగిపోయింది. వెనకే బస్సొచ్చింది.

"ఒలే, బండి సచ్చిపోనాది. బస్సెక్కీ" అన్నాను.

పారమ్మ కొంగు సర్దుకుని, "బస్సులో కుదేత్తాది. నాను దిగను, నువ్వు తోసుకో" అంది.

ఇన్నేళ్లూ బండంతా నాదే అనుకున్నాను. వెనక సగం ఆవిడదని అప్పన్న అడిగేదాకా తోచలేదు. మీరూ సీటు మార్చేటట్టయితే, కవరు కుట్టించకముందే వెనక కూర్చునే మనిషిని వాళ్ల తీరులోనే కూర్చోబెట్టి ఓ చుట్టు తిప్పి చూడండి.

ఇంతకీ బండికి ఏమీ కాలేదు. ఆవిడ బస్సెక్కుతుందో లేదో చూద్దామని పెట్రోలు ట్యాపు కట్టేసింది నేనే. ఆ ముక్క చెప్పలేక, ఆవిడ పైన కూర్చునుండగా తోట చివరిదాకా తోశాను. చెప్పుంటే బస్సెక్కాల్సింది నేనే.