జములమ్మకు మొక్కిన జుట్టు

శ్రవణ్ కుమార్ విత్తన పత్తి కంపెనీలో ఫీల్డ్ సూపర్‌వైజర్. గద్వాల నుంచి మల్దకల్ వైపు ఊళ్లలో నలభై మంది రైతుల చేలు చూస్తాడు. కూలీలు మగపువ్వుల పుప్పొడిని ఆడపువ్వులకు సరిగా అద్దుతున్నారో లేదో సాలు సాలుకూ తిరిగి చూడటం అతని పని. వయసు ముప్పై నాలుగు. ఇరవై ఎనిమిదో ఏటి నుంచి జుట్టు వెనక్కి తగ్గుతూ వచ్చి నడినెత్తి దాకా పోయింది. చేనులో టోపీ తీసి చెమట తుడుచుకుంటే ఆడకూలీలు ఊరుకునేవారు కాదు.

"సారూ, జర టోపి పెట్టుకో. నీ నెత్తి మీది ఎండ మా కండ్లల్ల గొడ్తుంది."

ఆ మాటలకు అతనూ నవ్వేవాడు. కానీ నిరుడు వనపర్తిలో మరదలి పెళ్లిలో జరిగినదానికి నవ్వలేకపోయాడు. ఫొటో కోసం అల్లుళ్లిద్దరినీ పిలిచారు. భార్య యమున పక్కన వచ్చి నిలబడ్డ శ్రవణ్‌ను చూసి ఫొటోగ్రాఫర్, "పెద్దాయనా, జర పక్కకు జరుగు, పెద్దల్లుణ్ని రానియ్యి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. యమున కూడా ముందు నవ్వేసి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నెల తిరక్కముందే అతను హైదరాబాద్‌లో ఒక జుట్టు డాక్టర్ ముందు కూర్చున్నాడు. డాక్టర్ రెండు పద్ధతులు చెప్పాడు. తల వెనక, చెవి నుంచి చెవి దాకా సన్నని చర్మప్పట్టీ కోసి తీసి, ఆ కోతను కుట్టేసి, పట్టీలోని కుదుళ్లను విడదీసి ముందు నాటడం ఎఫ్‌యూటీ. పట్టీ కోయకుండా సన్నటి గొట్టం లాంటి పనిముట్టుతో ఒక్కొక్క కుదురునే తీసి నాటడం ఎఫ్‌యూఈ. శ్రవణ్‌కు నారుమడి గుర్తొచ్చింది. మట్టితో సహా ఒక వరస నారు కోసుకొచ్చి చీల్చి నాటేది ఒకటి, నారు మొక్కలు ఒక్కొక్కటే పీకి నాటేది ఇంకొకటి. మొదటిదానిలో వెనక ఒక గీత మిగులుతుంది, పైనున్న జుట్టు దాన్ని కప్పేస్తుంది. రెండోదానిలో చుక్కలు మిగులుతాయి, అవి ఎవరికీ కనపడవు. కానీ దానికి ముందు తలంతా గొరిగేయాలి.

అక్కడే శ్రవణ్ ఆగిపోయాడు. గుండుతో ఇంటికి పోతే తిరుపతి పోయొచ్చానని చెప్పుకోవాలి. తల్లి అంజమ్మ లడ్డు ఏదంటుంది, నన్నెందుకు తీసుకుపోలేదంటుంది. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడటం అతనికి ఇష్టం లేదు.

డాక్టర్ చివరగా ఒకటి అడిగాడు. "మున్ముందు ఎప్పుడైనా గుండు చేయించుకోవాల్సి వస్తుందా? వస్తే మొదటిది వద్దు."

తండ్రి సాయన్న ఇంకా పొద్దున లేచి చేనుకు పోతున్నాడు. కొడుకు గుండు సంగతి ఆలోచించడమంటే తండ్రి చావు సంగతి ఆలోచించడమే. శ్రవణ్ "రాదు సార్" అని చెప్పి మొదటి పద్ధతికే ఒప్పుకున్నాడు.

కంపెనీ ట్రైనింగ్ అని చెప్పి పన్నెండు రోజులు హైదరాబాద్‌లో ఉండి, కుట్లు విప్పించుకుని, టోపీ పెట్టుకుని ఇల్లు చేరాడు. నిజం యమున ఒక్కదానికే తెలుసు. తల్లికి మూడో రోజే చెవి వెనక పచ్చి గాయం కొస కనపడింది.

"ఏంది బిడ్డా గిది?"

"బస్సు దిగుతుంటే కాలు జారిందమ్మా. మూడు కుట్లు పడ్డయి, గంతే."

ఆ సాయంత్రమే అంజమ్మ దీపం ముందు నిలబడి జమ్మిచేడు జములమ్మకు మొక్కింది. కొడుకు గాయం మానితే వచ్చే జాతరలో వాడి తలనీలాలు ఇప్పిస్తానంది. అప్పటిదాకా ప్రతి మంగళవారం ఒక్కపొద్దు ఉంటానంది. ఆమెకు అరవై ఏళ్లు. మంగళవారం పగలంతా పచ్చి నీళ్లతో చేనులో పనిచేసి, చీకటి పడ్డాక ఒక్క పూట తినేది. శ్రవణ్ ఆమె ఎదుటే కూర్చుని మధ్యాహ్నం అన్నం తినేవాడు. మొదటి రెండు వారాలు ముద్ద దిగలేదు. తర్వాత అలవాటైంది. ఆ అలవాటే అతన్ని ఎక్కువ సిగ్గుపడేలా చేసింది.

అయిదో నెలలో ముందు వెంట్రుకలు మొలిచాయి. ఎనిమిదో నెలకు దువ్వెన పట్టేంత అయ్యాయి. అంజమ్మ వాడంతా తిరిగి చెప్పింది. "మొక్కినందుకు తల్లి ఊకుండలే. తనకియ్యాల్సిన ఎంట్రుకలు తనే మొలిపిచ్చింది!" పక్కింటి ఎల్లన్నది కూడా బట్టతలే. అతనూ మంగళవారాలు ఒక్కపొద్దు పట్టాడు.

మాఘమాసం వచ్చింది. బయలుదేరే ముందు రోజు శ్రవణ్ భార్యను అడిగాడు. "ఎట్ల జేద్దామే?"

"ఏముంది, గుండు కొట్టిచ్చుకో. కుదుర్లు లోపల్నే ఉంటయి గదా, మల్ల మొలుస్తయి."

"ఎంట్రుకల సంగతి గాదు. ఎనక గీత కనపడ్తది."

"గది నన్నడుగుతవేంది? మూడు కుట్లని జెప్పింది నువ్వు." యమున గిన్నెలు సర్దుతూ తిరిగి చూడకుండానే అంది. "చెప్పెయ్యి. అత్త పదకొండు నెలల నుంచి కడుపు మాడ్చుకుంటుంది. నాకే చూడబుద్ధి అయితలేదు."

మంగళవారం పొద్దున తల్లి, కొడుకు, ఎల్లన్న జమ్మిచేడుకు వెళ్లారు. బాట పొడుగునా చెప్పేద్దామనుకుంటూనే శ్రవణ్ క్షురకుని ముందు కూర్చున్నాడు. ఎల్లన్న కొబ్బరికాయలకు పోయాడు. అంజమ్మ గిన్నెలో తడి గంధం పట్టుకుని పక్కనే నిలబడింది. గుండు కాగానే తన చేత్తో పూయాలని ఇంటి నుంచే అరగదీసి తెచ్చింది.

ముందు జుట్టు ఒడిలో రాలింది. క్షురకుడు అతని తల వంచి వెనక కత్తి ఆనించాడు. ఒకసారి గీశాక చెయ్యి ఆగింది.

"సాఫ్‌గ కుట్టిండన్నా" అన్నాడు మెల్లగా. "ఏ దవాఖాన?"

అంజమ్మ వంగి చూసింది. ఒక చెవి దగ్గర వేలు పెట్టి, ఆ గీత వెంట రెండో చెవి దాకా తెచ్చింది.

"మూడు కుట్లంటివి గదరా... ఇంత పెద్ద దెబ్బా? నాకు భయమైతదని దాస్తివా కొడుకా?" కళ్లు తుడుచుకుని గుడి వైపు తిరిగింది. "తల్లీ, నా కొడుకును సావు నోట్లకెళ్లి తెస్తివి. ఇంకేడేండ్లు ఒక్కపొ..."

శ్రవణ్ లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. సగం గొరిగిన తలతో, మెడ మీది గుడ్డ జారిపోతుంటే, "మొక్కకమ్మా. నేను పడలే" అన్నాడు. "ముందు నాటనీకి ఎనక కోసిన్రు. నేనే కోపిచ్చుకున్న. దెబ్బ లేదు, ఏం లేదు."

అంజమ్మకు వెంటనే అర్థం కాలేదు. అతని గొరిగిన ముందు నెత్తి చూసింది, కింద పడిన జుట్టు చూసింది.

"యమునకు తెల్సా?"

"తెల్సు."

"నేను మంగళారం తినకుంటే చూసుకుంటనే ఉన్నరా ఇద్దరు?"

అతను జారిన గుడ్డ తీసి మెడకు చుట్టుకున్నాడు.

"కూసో. గొరిగిచ్చుకో. మొక్కు మొక్కే" అంది అంజమ్మ. గుండు పూర్తయ్యాక గంధం గిన్నె అతని చేతికిచ్చింది. "నువ్వే పూసుకో."

పూసుకున్నాడు. ముందు భాగం చేతికి తెలిసింది. వెనక ఎక్కడ అంటిందో, ఎక్కడ అంటలేదో తెలియలేదు. అంజమ్మ అప్పటికే దర్శనం వరసలో నిలబడింది. శ్రవణ్ ఆమె వెనక చేరాడు. కొబ్బరికాయలు పట్టుకుని ఎల్లన్న అతని వెనక చేరాడు.

"శ్రవణూ, ఎనక గీ గీతేందిరా? గంధం అంటలే. దెబ్బ ఇంత పొడుగుదా?"

తల్లి వినేంత దూరంలోనే ఉంది. తిరిగి చూడలేదు.

"దెబ్బ గాదు ఎల్లన్నా. హైదరాబాద్‌ల ఎంట్రుకలు నాటిచ్చుకున్న. మొక్కుతోని మొలిచినయి గావు."

ఎల్లన్న అతని గుండు వైపు చూశాడు. కాయలు ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చేత్తో తన బట్టతల తడుముకున్నాడు.

"మరి నేను మూడు నెల్ల సంది ఎందుకు మాడుతున్నరా?"

ముందూ వెనకా ఉన్నవాళ్లు తిరిగి చూశారు. వరస ఒక అడుగు ముందుకు జరిగింది. అంజమ్మ జరిగింది. ఆమె వెనక శ్రవణ్ జరిగాడు.