పైసా వాపసిచ్చిన సముద్రం

సముద్రానికీ కరీంనగర్‌కూ ఏ చుట్టరికమూ లేదు. అయినా మా పక్కింటి పరశురాములు దుబాయ్ నుంచి వస్తూ దాన్ని వెంట తెచ్చుకున్నాడు. సిరిసిల్లలో మరమగ్గం నడిపినవాడు, దుబాయ్‌లో ఓ హోటల్లో చేపల తొట్లు కడిగి సముద్రపు చేపలు పెంచే విద్య నేర్చాడు. ముందుగదిలో అద్దాల తొట్టి పెట్టి, సముద్రపు ఉప్పు కలిపి, నెల్లాళ్లు ఉత్త నీళ్లకే కాపలా కూర్చున్నాడు. ఎండకు మతి చెడిందనుకున్నాం. ఆ తర్వాతే రెండు నారింజరంగు చేపలు, ఒక రొయ్య, రెండు నత్తలు వదిలాడు.

పళ్ల డాక్టరు పద్మలత చూడటానికి వస్తానంది. నచ్చితే తన ఆసుపత్రికీ ఒకటి చేయించుకుంటుంది, ఇతనికి ఊళ్లోనే బతుకుతెరువు దొరుకుతుంది. లేదంటే మళ్లీ దుబాయే. ఏజెంటు రోజూ ఫోన్ చేస్తున్నాడు.

ఆ నీళ్లలో కంటికి కనపడని జీవాలుంటాయట. చేపల మురికిని తిని నీటిని నిలబెట్టేవి అవేనట. కొత్త వస్తువేది పడినా ఆ సంసారం చెడుతుందట. బావమరిది కైలాసం ముచ్చటపడి బాసర నుంచి గోదావరి గులకరాళ్లు తెస్తే గడపలోనే ఆపేశాడు. అతను అలిగి, అక్క ఎంత బతిమాలినా వినకుండా బోథ్ బస్సెక్కాడు.

పరశురాములు తల్లి భూమవ్వ ఒకరోజు తొట్టిలో వేలు ముంచి నాకి చూసింది. ఇది అసలు సముద్రమేనా అని అడిగింది. అసలు సముద్రమేనని కొడుకు గొప్పగా చెప్పాడు. ఆ గొప్పే కొంప ముంచింది.

కొద్దిరోజులకే రొయ్య వెల్లకిలా పడింది. నత్తలు అద్దం వదిలేశాయి. చచ్చినవి కుళ్లి నీళ్లు తెల్లబడ్డాయి, చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి. తెల్లారితే డాక్టరమ్మ వస్తుంది. మనిషికి ఏడుపొక్కటే తక్కువ. నేను బకెట్ పట్టుకుంటే, అతను గొట్టంతో అడుగు ఇసుక లాగుతున్నాడు. గొట్టానికి ఏదో అడ్డం పడింది. చూస్తే నిజాం కాలపు రాగి పైసా. రాగి అంటే రొయ్యలకూ నత్తలకూ విషమే.

భూమవ్వ దాచలేదు.

"గోదారి దాటేటప్పుడు ఏస్తం గద, సముద్రానికెయ్యమా? నా కొడుకును మళ్ల దాటనియ్యకు తల్లీ అని మొక్కి ఏసిన."

తిట్టబోయిన పరశురాములు పైసాను కడిగి తల్లి చేతిలో పెట్టాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

డాక్టరమ్మను కొన్నాళ్లు ఆగమన్నాడు. నీళ్లు మార్చాడు, విషం పీల్చే బొగ్గు వేశాడు. చేపలు తేరుకున్నాయి. ఆమె వచ్చి చూసి, అక్కడికక్కడే తన ఆసుపత్రికి తొట్టి చేయమని చెప్పి వెళ్లింది. ఏజెంటు ఫోన్ ఎత్తేవాడు లేడిప్పుడు.

భూమవ్వ ఆ పైసాను కొంగున కట్టుకుని వాడంతా తిరుగుతోంది.

"సముద్రం నియ్యత్ గల్లది. మొక్కు తీర్చి పైసా వాపసిచ్చింది. గోదారి ఎన్నడన్న ఇచ్చిందా?"