లప్పం కింద జంగు

మా చిన్నమ్మ కారును ఎవరైనా "పాత డబ్బా" అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అది తెల్ల అంబాసిడర్. గద్వాలలో మగ్గాల ఇళ్ల నుంచి చీరలు తీసుకుని వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాలకు చేర్చడం చిన్నమ్మ పని. చిన్నాయన పోయాక కొన్నేళ్లు బస్సుల్లోనే మూటలు మోసింది. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకుండా పోయినప్పుడు, ఊళ్లో ఒక డాక్టరు అమ్మకానికి పెట్టిన ఆ బండిని కొని డ్రైవింగు నేర్చుకుంది. అరుగుల మీద కూర్చుని నవ్వినవాళ్లు నవ్వారు. వాళ్ల ముందు నుంచే హారను కొట్టుకుంటూ పోయేది. నేను వనపర్తిలో టీచర్ని. సెలవు దొరికితే ఆమె పక్క సీట్లో కూర్చుని ఊళ్లు తిరగడమే నాకు పెద్ద పండగ.

నిరుడు ఎండాకాలంలో వెనక చక్రం పైనున్న రేకు మీద పెయింటు బుడగల్లా ఉబ్బింది. చిన్నమ్మ గోటితో గీకితే ఎర్రటి తుప్పు పొడి రాలింది.

"జంగు పట్టింది బిడ్డా. ఇప్పుడు ఇడిసిపెడితే లోపలంత తినేస్తది," అంది.

నాగర్‌కర్నూల్‌లో ఒక షెడ్డువాడు పాత బండ్లను కొత్తవాటిలా చేసిస్తాడని దుకాణాల వాళ్లు చెప్పారు. బండి తీసుకుపోయాం. అతను చుట్టూ తిరిగి చూసి, "జంగు ఉన్నకాడికి కోసేసి కొత్త రేకు ఏస్తనమ్మా. నువ్వు జర గూడ పరేషాన్ గాకు," అన్నాడు. బండి అక్కడున్న రెండు నెలలూ చిన్నమ్మ మళ్లీ ఆ భుజంతోనే బస్సులెక్కింది. తిరిగొచ్చిన బండి అద్దంలా మెరిసింది. వాకిట్లో నిలబెట్టి, దాని మీద చెయ్యి వేసి నిమురుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

తర్వాత వానలు మొదలయ్యాయి. ఒక రోజు ఆమె తెస్తున్నవి ఎదురింటి నేతగత్తె నేసిన చీరలు. మీగడ రంగు నూలు, పట్టు అంచు, జరీ కొంగు. నాగర్‌కర్నూల్‌లో ఒక పెళ్లివారు అడిగి నేయించుకున్నవి. చిన్నమ్మ కృష్ణా నది వంతెన దాటేసరికే వాన అందుకుందట. వనపర్తిలో నేను ఎక్కాను. దారి పొడుగునా నీళ్లు. దుకాణం ముందు ఆపి డిక్కీ తెరిస్తే లోపల బురద నీళ్లు నిలిచి ఉన్నాయి. మూట అడుగంతా నానిపోయింది. విప్పి చూశాం. ప్రతి మడతలోనూ ఇటుక రంగు మరకలు. దుకాణదారు ఒక్కసారి చూసి మూటను మా వైపు జరిపాడు.

నేను వంగి చక్రం పైకి చూశాను. అరచేతి వెడల్పున, రంగు కింద పూసే లప్పం పెచ్చు ఊడిపోయి ఉంది. ఆ సందులోంచే చక్రం ఎగజిమ్మిన నీళ్లు డిక్కీలోకి పోయాయి. అంచున ఏదో వేలాడుతుంటే పట్టి లాగాను. తడిసిన న్యూస్‌పేపరు! దాని వెనక గోనెసంచి ముక్క. వాడు జంగును కొయ్యనే లేదు. చిల్లుల్లో కాగితాలు కుక్కి, పైన లప్పం మెత్తి, రంగు కొట్టి ఇచ్చాడు.

నేరుగా షెడ్డుకు పోయాం. నేను ఆ కాగితం ముద్దను అతని బల్ల మీద పడేశాను.

"ఏంది మేడం ఇది?" అన్నాడు.

"నువ్వేసిన కొత్త రేకు."

"పాత బండి గద. జంగు రాకుంటె బంగారం వస్తదా?" అన్నాడు. అక్కడ కూర్చున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఆ నవ్వు విన్నాక నాకు కళ్లు కనిపించలేదు. పక్కనున్న స్క్రూడ్రైవర్ తీసుకుని, మా బండి తలుపు కిందనున్న రేకు పట్టీకి ఆనించి నొక్కాను. గట్టిగా నొక్కాల్సిన పనే లేకపోయింది. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే దాని కొనకు మళ్లీ కాగితమే.

"బండి ఖరాబ్ జేస్తున్నవేంది?" అని లేచాడు. "ఆడోళ్లకు బండ్ల సంగతేం తెల్వదు. పోయి చీరలమ్ముకోండి."

నేను అరిచాను. ఏమన్నానో నాకే సరిగ్గా గుర్తులేదు, గొంతు మాత్రం బొంగురుపోయింది. చిన్నమ్మ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అతని ఎదురుగా నిలబడి, "కొత్త రేకు ఏస్తనన్నవు. ఏడ ఏసినవో చూపియ్యి," అంది.

అతను ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు.

"చూపియ్యి తమ్మీ," అంది మళ్లీ. అతను మాట్లాడుకుంటూ లోపలికి పోయాడు. మళ్లీ చేసిస్తానన్న మాట కూడా లేదు.

గద్వాల చేరాక చిన్నమ్మ ఇంట్లోకి కూడా పోకుండా ఎదురింటికే పోయింది. దాచకుండా మొత్తం చెప్పింది. ఆ నేతగత్తె చీర ఒడిలో పరుచుకుని, మరక మీద నిమ్మకాయ రుద్ది, నీళ్లు చల్లి చూసింది. మరక పలచబడిందే గాని పోలేదు. ఆమె చిన్నమ్మను ఒక్క మాట అనలేదు. "గా జంగు నాకు చూపియ్యక్కా," అంది. మరునాడు మగ్గం ఆపి మా వాకిట్లోకి వచ్చింది.

ఇంకో షెడ్డుకు బండి ఇచ్చేది లేదని చిన్నమ్మ తేల్చేసింది. వీధి చివర ఇనుప గేట్లు, కిటికీలు చేసే అతన్ని పిలిపించింది.

"అక్కా, నేను గేట్లు జేసెటోన్ని. కారు రేకు నాతోని గాదు," అన్నాడతను.

"చెడిపోతె నా బండే చెడిపోతది. కోయ్."

అతను కోశాడు. పైకి అరచెయ్యంత ఉన్న జంగు లోపల మూరెడు పాకి ఉంది. గట్టి రేకు తగిలేదాకా కోస్తూ పోయాడు. చిన్నమ్మ చీరల డబ్బా అట్టను ఆ ఖాళీకి సరిపోయేలా కత్తిరించి ఇచ్చింది. దాని కొలతకు కొత్త రేకు కోశాడు. మొదట వెల్డింగ్ పెట్టగానే రేకు కరిగి ఇంకో చిల్లు పడింది. నాకు ఏడుపొచ్చింది. కరెంటు తగ్గించి, సన్నటి రాడ్డుతో ఒక చోట చుక్క పెట్టి, అది చల్లారేలోపు దూరంగా ఇంకో చుక్క పెడుతూ నెమ్మదిగా అతికించాడు. నేతగత్తె ఇనుప బ్రష్షు పట్టుకుని మిగిలిన జంగు మీద పడింది. ఎంత కోపం ఉందో ఆ చప్పుడులోనే తెలిసింది. మధ్యలో నేను అందుకుంటానంటే ఇవ్వలేదు.

తలుపుల కింది పట్టీ విప్పినప్పుడు నాకు అసలు కోపం వచ్చింది. అద్దాల మీంచి లోపలికి దిగే వాన నీళ్లు బయటికి పోవడానికి ఆ అడుగున చిన్న రంధ్రాలుంటాయి. నునుపుగా కనిపించాలని వాడు వాటిని కూడా లప్పంతో పూడ్చేశాడు. అంటే వాడు ముట్టుకోకపోతే చెడకుండా ఉండే చోట్లు కూడా ఆ వానల్లో కుళ్లడం మొదలుపెట్టాయి. మేకుతో ఒక్కొక్కటీ పొడిచి తెరుస్తుంటే నా నోట్లోంచి టీచరు అనకూడని మాటలన్నీ వచ్చాయి. చిన్నమ్మ ఆపలేదు.

గీకిన చోటల్లా మళ్లీ జంగు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ కొట్టాం. అతుకుల సందులు మూసి, పైన రంగు వేశాం. పట్టీల లోపల పాత ఇంజనాయిలు చిమ్మాం. ఆ తెలుపు పాత తెలుపుతో కలవలేదు. అతుకులు దూరానికే కనిపిస్తాయి. ఇప్పుడు వాన పడ్డ రోజు చిన్నమ్మ ఇంటికి రాగానే కింది మ్యాట్లు తీసి ఎండేస్తుంది, చక్రాల పైన అంటిన బురదను నీళ్ల గొట్టంతో కడుగుతుంది. ప్లాస్టిక్ పట్టా మాత్రం కప్పనివ్వదు, లోపల చెమ్మ నిలుస్తుందని. ఈ ఏడాది వానలకు డిక్కీలో చుక్క పడలేదు. ఆ పెళ్లివారు మాత్రం చీరలు ఇంకెక్కడో కొనుక్కున్నారు.

మొన్న నాగర్‌కర్నూల్‌లో పనుండి ఆ షెడ్డు ముందు నుంచి పోతున్నాను. ఒక పెద్దమనిషి తన పాత జీపు తాళాలు వాడి చేతికి ఇవ్వబోతున్నాడు. ఆగాను.

"పెద్దాయనా, ఇతను కొత్త రేకు ఏస్తనంటడు. కాగితాలు కుక్కుతడు. మా బండిలకెల్లి నేనే గుంజి తీసిన."

షెడ్డువాడు రోడ్డు మీదికొచ్చి బూతులు తిట్టాడు. పెద్దమనిషి విసుగ్గా నా వైపు చూసి, "నా బండి, నా ఇష్టం. నీకేందమ్మా?" అని తాళాలు ఇచ్చేశాడు.

బస్సెక్కి చిన్నమ్మకు ఫోను చేసి చెప్పాను.

"పోనీ. చెప్పినవు గద," అంది.

పోనివ్వడం నా వల్ల కాలేదు. వనపర్తి వచ్చేదాకా పిడికిలి బిగించుకునే కూర్చున్నాను.