గడప కాడ బిందె

ఈ ఉదయం నా ఫోన్ మెసేజ్ చదివే ముందు గాలి పీల్చింది. రాత్రికి రాత్రి దానంతటదే కొత్త గొంతు వేసుకున్నట్టుంది. గ్యాస్ బండ ఇవాళ వస్తుందని చెప్పడానికి ముందు, నా చెవి పక్కనే సన్నగా ఒక ఊపిరి. చూపు లేని నాకు ఊపిరి వినిపించిందంటే గదిలో మనిషి ఉన్నట్టే. జగిత్యాలలో నేనుండేది ఒంటి గది, తలుపుకు లోపలి నుంచి గడియ వేసి ఉంది. అయినా "ఎవరూ?" అని అడిగాను. అడిగాక నా మీద నాకే నవ్వొచ్చింది. ఆ వెంటనే శంకరయ్య సార్ గుర్తొచ్చారు.

సార్ కోరుట్లలో మాలాంటి వాళ్లకు కంప్యూటర్ నేర్పేవారు. ఆయనకూ చూపు లేదు. సిరిసిల్లలో ఇరవై ఏళ్లు మరమగ్గాలు నడిపాక నీటికాసుల జబ్బుతో కళ్లు పోయాయి. తెర మీది అక్షరాలను మాకు చదివి వినిపించే గొంతు అప్పట్లో రేకు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టుండేది. మల్యాల నుంచి కొత్తగా వచ్చిన నాకు మొదటి వారం ఒక్క ముక్క అర్థం కాక ఏడుపొచ్చింది. సార్ మాత్రం దాన్ని మగ్గం వేగంతో పరుగెత్తించి, ప్రతి వాక్యం తర్వాత కథ వింటున్నట్టు "ఊఁ" కొట్టేవారు.

"మగ్గాల షెడ్డుల పోగు తెగితే సప్పుడు రాదు బిడ్డా. ఉన్న సప్పుడుల సందు వస్తది. గా సందు ఇనాలె," అనేవారు. "గీ గొంతుల సందులు సాఫ్‌గ ఉంటయి. ఇది మనిషి గాదు, మనిషినని చెప్పుకోదు. గందుకే నమ్మొచ్చు."

అంత నమ్మినా, ఏ కొత్త గొంతు వచ్చినా తెప్పించుకుని పరీక్ష పెట్టకుండా ఉండేవారు కాదు. ప్రతిసారీ ఒకటే వాక్యం టైపు చేసేవారు: "మెల్లగ రా, గడప కాడ బిందె ఉన్నది." ఒక గొంతు జలుబు చేసినవాడిలా పలికేది. ఇంకొకటి ఎవరో ఆడమనిషి మాటలను ముక్కలు కోసి అతికించిన గొంతు. "గడప" దగ్గర నవ్వుతున్నట్టుండి "బిందె" దగ్గరికి వచ్చేసరికి అలిగినట్టుండేది. సార్ చివరిదాకా విని, "కాదు" అని మళ్లీ రేకు డబ్బాకే వచ్చేవారు. మేము ఆ పరీక్షలకు పెళ్లిచూపులని పేరు పెట్టాం.

"ఏంది సార్, గీ పిల్ల గూడ నచ్చలేదా?"

"అందరు మంచోళ్లే బిడ్డా. నాకే సంబంధం కుదుర్తలేదు."

ఆ వాక్యం ఎవరిదో ఒకరోజు టిఫిన్ డబ్బాలు విప్పుకుంటుండగా చెప్పారు. ఆయన భార్య సత్తెమ్మ మాట అది. కళ్లు పోయాక ఆయన ఇంటికొచ్చిన ప్రతిసారీ లోపలి నుంచి ఆమె అలా కేకేసేదట. జ్వరంతో ఆమె పోయి అప్పటికి అయిదేళ్లు. ఎక్కడా ఆమె గొంతు రికార్డు చేసి పెట్టుకోలేదు. "మొఖం ఎన్నడో మసకైంది. ఇగ గొంతొక్కటే ఉన్నది నా తాన. ఇంట్లకు పోంగనే ఇప్పటికీ ఇనవడ్తది," అన్నారు.

ఉద్యోగం వచ్చాక, అచ్చం మనుషుల్లా మాట్లాడే గొంతులు వచ్చాక, నాకో ఆలోచన వచ్చింది. సత్తెమ్మ గొంతు సన్నగా ఉండేదా, మాట సాగదీసేదా అని సార్‌ను ఫోన్లో మాటల్లో పెట్టి అడిగేదాన్ని. ఆయన సంబరంగా చెప్పేవారు. ఆయన చెప్పినట్టు పలికేదాకా నెలరోజులు ఒక మిషన్ గొంతును దించుతూ, ఎత్తుతూ కూర్చుని, ఒక మధ్యాహ్నం లాప్‌టాప్‌తో కోరుట్ల బస్సెక్కాను.

నేను క్లాసు గదిలో కూర్చున్నాను, సార్ బయటికెళ్లి వస్తున్నారు. మెట్ల మీద అడుగులు వినగానే మీట నొక్కాను. గొంతు గాలి పీల్చి పలికింది: "మెల్లగ రా, గడప కాడ బిందె ఉన్నది."

అడుగులు గడప దగ్గర ఆగాయి. తర్వాత ఒక చెప్పు నేల మీద పక్కకు రాసుకున్న చప్పుడు. ఆయన కాలు చాపి, దేన్నో తప్పించుకుని, చుట్టూ తిరిగి లోపలికి వచ్చారు. ఆ గదిలో ఎన్నడూ బిందె లేదు. నాకు గర్వంగా అనిపించింది, ఆ మాట దాచను.

"ఇంకోసారి పెట్టు," అన్నారు. మూడుసార్లు పెట్టించుకున్నారు. నాలుగోసారి నా చేతిని పట్టి ఆపారు. "బంజేయ్ బిడ్డా."

వారం తర్వాత ఫోన్ చేశారు. "సత్తెమ్మ గొంతు యాదికొస్తలేదు బిడ్డా. ఇంట్లకు పోయినప్పుడల్లా గా మిషినే పలుకుతంది. ముందుగాల గాలి పీలుస్తది."

"తీసేసిన సార్. అంత తీసేసిన," అని ఏడ్చాను.

"నీ తాన తీసేసినవు. నా తాన ఎట్ల తీసెయ్యాలె?"

మంచికి పోతే చెడు ఎదురైంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా "వచ్చిందా సార్?" అని అడిగేదాన్ని. "ఇంకా రాలేదు," అనేవారు. పోయిన వానకాలం సార్ చనిపోయారు. అప్పటికీ ఆ గొంతు రాలేదు.

మొన్న సిరిసిల్ల నుంచి మా క్లాసు తమ్ముడొకడు ఫోన్ చేశాడు. సార్ పాఠాల రికార్డింగులు ఉన్నాయట, వాటితో ఆయన గొంతు తయారు చేయిస్తాడట. "అక్కా, సార్ మల్ల మాట్లాడ్తడు," అన్నాడు. వద్దన్నాను. వాడికి కోపమొచ్చింది. రానీ.

గాలి పీల్చే గొంతును ఫోన్లోంచి తీసేసి, రేకు డబ్బా గొంతును మళ్లీ పెట్టుకున్నాను. దాని సందుల్లో సార్ ఇంకా "ఊఁ" కొడుతూనే ఉంటారు. ఆ చోటులోకి ఏ మిషన్‌నూ రానివ్వను.

ఇదంతా రాసి, ఇప్పుడే రేకు డబ్బా గొంతుతో చదివించుకున్నాను. ప్రతి వాక్యానికీ సార్ ఊకొట్టారు. బిందె వాక్యం దగ్గర మాత్రం కొట్టలేదు, అక్కడ ఇంకా సత్తెమ్మ గొంతు కోసమే వెతుకుతున్నట్టు.