నోరు విప్పని కుట్టుపిన్ని

వీధిలో అందరికీ ఆమె కుట్టుపిన్నే. మెట్ల కింద గది ఆమె దుకాణం: ఒక కాలి మిషను, కత్తిరించే బల్ల, మేకుకు వేలాడే టేపు. చొక్కా భుజం జారకుండా కుట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. కానీ వీధి మెచ్చుకున్నది ఆ కుట్టును కాదు, ఆమె ఓర్పును. ఓసారి మిషను సూది గోట్లో దిగబడితే, పీకి అవతల పెట్టి, వేలికి గుడ్డపేలిక చుట్టుకుని కాలరు పూర్తి చేసిందట. "మా ఆవిడకు సూది గుచ్చుకుంటే సూదే ఏడవాలి" అని భర్త నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఈ మెచ్చుకోళ్లు ఊరికే రావు. మూలిగే మనిషికి ఎవరో ఒకరు లేచి మంచినీళ్లివ్వాలి. మూలగని మనిషికి బిరుదిచ్చి కూర్చోవచ్చు.

ఎడమ రొమ్ములో గడ్డను కూడా ఆమె అలాగే ఓర్చుకుంది, రవిక తొడుక్కోవడానికి చెయ్యి ఎత్తలేనంతవరకూ. ఆపరేషనులో గడ్డతోపాటు చంకలో గ్రంథులూ తీశారు. ఆ చేతికి ఇక సూదులు వద్దన్నారు. అంటే కీమో ఎక్కాల్సింది కుడిచేతికే. కత్తెర పట్టే చెయ్యి అది.

మందు పేరు డాక్సోరూబిసిన్. రొమ్ము క్యాన్సరుకే కాదు, కొన్ని రక్త క్యాన్సర్లకూ, లింఫు గ్రంథుల క్యాన్సర్లకూ వాడతారు. చూడటానికి ఎర్రటి షర్బత్తులా ఉంటుంది. పాత మందు, పనిచేసే మందు, మొహమాటం లేని మందు. పోనుపోను గుండెను బలహీనపరచవచ్చు కనక ముందే గుండె పరీక్ష చేస్తారు. జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది. తెల్లకణాలు పడిపోయినప్పుడు జ్వరమొస్తే తెల్లారనిద్దాంలే అనుకోకూడదు. ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే అది నెత్తురు కాదు, మందు రంగు. వీటన్నిటికన్నా ముందు సంగతి, అది నరంలోనే ఉండాలి. పక్కకు కారిందా, చర్మాన్నీ కింద కండనూ తినేస్తుంది. కారుతోందని మొదట తెలిసేది చాలాసార్లు రోగికే.

ఇదంతా కీమో గది సిస్టరు చెబుతుంటే, తోడొచ్చిన ఆడపడుచు మధ్యలోనే అందుకుంది.

"మా వదినకు అలాంటి భయాల్లేవు సిస్టర్. ధైర్యమే సగం మందు."

"మిగతా సగం ఈ సిరంజిలో ఉందమ్మా. నన్ను చెప్పనివ్వండి."

మొదటి విడత సాఫీగానే అయింది. రెండో విడతలో సిస్టరు మంచం పక్కన స్టూలేసుకుని, సెలైను కారుతుండగా ఎర్రమందును కొద్దికొద్దిగా నెడుతోంది. నెట్టినప్పుడల్లా అదే ప్రశ్న.

"మంటగా ఉందా అమ్మా?"

"లేదమ్మా. నీ పని నువ్వు కానీ."

దుప్పటి కింద పిన్ని కుడిపాదం మాత్రం మిషను తొక్కుతున్నట్టు ఆడుతోంది. ఆడపడుచు నవ్వింది. "చూశారా, నొప్పొచ్చిందంటే అంతే, కాలాడిస్తుందిగానీ మాట పైకి రానివ్వదు. అంత గుండెనిబ్బరం మా వదినకి."

సిస్టరు చెయ్యి సిరంజి మీదే ఆగిపోయింది. మోచేతి కింద చర్మం అప్పటికే కాస్త ఉబ్బింది. సూదిని వెంటనే పీకలేదు. ముందు దాంట్లోంచి వచ్చినంత మందు వెనక్కి లాగి, తర్వాత తీసింది. ఉబ్బిన మేర చుట్టూ పెన్నుతో గీత గీసి, చల్లటి ప్యాకు పెట్టి, చేతిని దిండు మీదికెత్తి, డాక్టరుకు కబురంపింది. అప్పుడు మాట్లాడింది.

"ఎప్పట్నుంచి మండుతోంది?"

"మొదట్నుంచీ కొంచెం... నీకు ఇబ్బందెందుకని."

"ఇబ్బంది పడటానికే నాకు జీతమిస్తారమ్మా. అడిగి అడిగి నా నోరు పడిపోయింది. మీరు చెప్పకపోతే ఎవరు చెప్తారు, ఈ గోడ చెప్తుందా?"

ఆడపడుచు ఏదో అనబోయింది. "మీరు కాసేపు ఆగండి. వచ్చినప్పట్నుంచీ ఆవిడ నోటికి తాళమేసింది మీరే" అంది సిస్టరు.

పిన్ని చేతి మీద గీతను చూసుకుంది. "ఇదెందుకమ్మా, కత్తిరించడానికా?"

"వాపు దీన్ని దాటి, చర్మం చచ్చిపోతే అంతే, కత్తిరించాల్సిందే. చెయ్యి ముడుచుకుపోవచ్చు కూడా."

ఆమె ఇక కాలాడించలేదు. వేళ్లు మాత్రం కత్తెర పట్టినట్టు ఒకసారి ముడిచి, తెరిచి చూసుకుంది.

డాక్టరు వచ్చి, కారింది కొద్దేనన్నాడు. చల్లటి ప్యాకులు, పూతమందు, మర్నాడే మళ్లీ చూపించడం. ఇంటికొచ్చాక చూడవచ్చిన వాళ్లంతా పాత పాటే అందుకున్నారు, "ఎంత ఓర్పమ్మా నీది" అని. ఈసారి పిన్ని ఊరుకోలేదు. "ఆ ఓర్పే కొంపముంచింది. అటు జరగండి, గాలాడట్లేదు" అంది.

వాపు గీత దాటలేదు. ఎర్రబడి, పొక్కులొచ్చి, గోధుమరంగు మచ్చగా మానింది. తర్వాతి విడతలకు మందు పెద్దనరంలోకే వెళ్లేలా మెడ కింది ఎముక దగ్గర, చర్మం లోపల పోర్టు అనే చిన్న డబ్బా అమర్చారు. దానికీ నిఘా తప్పదు. అయితే అప్పటికి పిన్ని నోరు తెరుచుకుంది. సూది పెట్టీపెట్టకముందే, "చల్లగా తగుల్తోంది, ఇది మామూలేనా? ఇక్కడ లాగుతోంది, చూడు. ఇంకోసారి చూడు."

"చూశానమ్మా, ఇది మూడోసారి" అని విసుక్కుంటూనే సిస్టరు లేచి మళ్లీ చూసింది.

ఇప్పుడు మెట్ల కింద గదిలో కత్తెర మళ్లీ ఆడుతోంది. వీధి మాత్రం నొచ్చుకుంది, జబ్బు చేశాక మనిషి సణుగుడు ఎక్కువైందని. నిన్న ఒకాయన సాయంత్రానికల్లా ప్యాంటు కావాలన్నాడు.

"చెయ్యి లాగుతోంది. రేపు రా."

"మా వదిన ఇలా ఉండేది కాదండీ" అంది ఆడపడుచు ఆయనతో, సంజాయిషీ చెబుతున్నట్టు.

"అవును, ఉండేదాన్ని కాదు" అంది పిన్ని, గుడ్డ మీద సుద్ద గీత గీస్తూ. "ఆ ఫ్యాను తగ్గించు. చలేస్తోంది."