చుక్కి వాటా

పోయిన వారం మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి ఒక ఆహ్వానపత్రం వచ్చింది. బంగారు రంగు అంచు, మధ్యలో మెడకు ఎర్రటి బో కట్టుకున్న బీగిల్ కుక్క, దాని కింద ‘మా ఇంటి యువరాజు బ్రూనో మొదటి పుట్టినరోజుకు మీరంతా సకుటుంబంగా రావాలి’ అన్న మాటలు. పంపినవాడు మా చిన్నాయన, నాయనకు తమ్ముడు, ఇప్పుడు బాచుపల్లిలో కొడుకు కొన్న ఇంట్లో ఉంటున్నాడు. మా బాబును చూసుకోవడానికి వచ్చే ఆయమ్మ నా భుజం మీదుగా ఫోన్లోకి తొంగిచూసి, “ఏంది మేడం, కుక్కకు పుట్టినరోజా? మా ఊర్ల కుక్కకు బువ్వ దొరికిన దినమే పండుగ. ఇగ దీనికి కేక్ గూడనా!” అని పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బీగిల్ అంటే కుందేళ్లను తరమడానికి తరతరాలుగా పెంచుకొచ్చిన జాతి. మా చిన్నప్పటి కుక్క చుక్కి చేసిన పని కూడా వేటే, కాకపోతే దానికి ఎవరూ బో కట్టలేదు.

నా ఈడు వాళ్లలో, ముఖ్యంగా మా కర్నూలు వైపు నుంచి చదువుకోసం వచ్చి, నిజాంపేట హాస్టళ్లలో నాలుగేళ్లు గడిపి, ఆ హాస్టళ్లకు నాలుగు వీధుల అవతలే ఫ్లాట్లు కొనుక్కుని స్థిరపడిపోయిన వాళ్లలో, వేటకుక్కలున్న ఇళ్లలో పెరిగినవాళ్లు కొందరైనా ఉంటారు. వాళ్లకు నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది. మాది నల్లమల అంచున ఉన్న పల్లె. శెనక్కాయ చేలమీద అడవిపందులు పడి ఒక్క రాత్రిలో చేనంతా తవ్విపోసేవి. అడవి జంతువును కొట్టడం నేరమని అప్పుడు కూడా అందరికీ తెలుసు గానీ, తెల్లారి చేను చూసుకున్నాక ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. బల్లేలు, వలలు, కుక్కలు తీసుకుని పదిమంది కలిసి బయలుదేరేవారు. మా నాయన ఉద్యోగరీత్యా దూరంగా ఉండేవాడు కనుక ఇంటికి పెద్ద చిన్నాయనే, వేటకు పెద్ద కూడా ఆయనే, ఆ వేటకు ప్రాణం మా చుక్కి.

నల్లటి ఒళ్లు, నుదుటిమీద తెల్లటి చుక్క, లోపలికి పీక్కుపోయిన కడుపు, పరిగెత్తితే కాళ్లు నేలకు తగులుతున్నాయా అనిపించే వేగం. అది ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. దాని తల నిమరకూడదు. చేత్తో తిండి పెట్టకూడదు. ఇవన్నీ చిన్నాయన పెట్టిన కట్టుబాట్లు. కుక్క పనిది, పిల్లలు దాన్ని ముద్దు చేస్తే పనికిరాకుండా పోతుంది అనేవాడు. వేటకు ముందురోజు మధ్యాహ్నం నుంచి కుక్కలకు పలచటి జావ తప్ప ఏమీ పోసేవారు కాదు, కడుపు నిండిన కుక్క పరిగెత్తదని.

ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది, నా కథంతా దానితోనే. వేట పడ్డాక మాంసాన్ని అక్కడికక్కడే వాటాలు వేసేవారు. మనిషికొక వాటా, కుక్కకొక వాటా. కుక్క వాటా కుక్క తినేది కాదు, దాన్ని పెంచిన ఇంటికి వచ్చేది. అలా ప్రతి వేటకూ మా ఇంటికి రెండు మోదుగాకు పొట్లాలు వచ్చేవి, ఒకటి చిన్నాయనది, ఒకటి చుక్కిది. రెండూ ఒకే చట్టిలో ఉడికేవి. చుక్కికి ఎముకలు పడేవి. చిన్నాయన దృష్టిలో అది చాలా న్యాయమైన ఏర్పాటు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు చుక్కి గాట్లో నాలుగు పిల్లల్ని పెట్టింది. మా ఇంట్లో పశువులు కట్టేసే పాకను గాడి అనేవాళ్లం. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి విసిరేసి అక్కడే కూర్చునేదాన్ని. నాలుగు పిల్లలూ దాన్ని పీక్కు తింటుంటే పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు తేలాయి దానికి. అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం వేట మాట వచ్చింది. మర్నాడు పొద్దున్నే బయలుదేరాలని, చుక్కికి ఆ మధ్యాహ్నం నుంచి జావ మాత్రమే పోశారు. నేను అన్నం దగ్గర నా సంగటి ముద్దను సగమే తిని, అంతా తిన్నట్టు నటించి, మిగతాది పావడ కుచ్చెళ్లలో దాచుకుని, గాట్లోకి వెళ్లి దానికి పెట్టాను. చేత్తోనే పెట్టాను. శెనక్కాయల ఊరిబిండి పచ్చడి కూడా అంటించి పెట్టాను. అది నా వేళ్ల సందుల్లో కూడా నాకింది. నా జీవితంలో నేను చేసిన మొదటి దొంగతనం అదే, ఇప్పటికీ నాకు గర్వంగా ఉన్న దొంగతనం కూడా అదే.

మర్నాడు మధ్యాహ్నం దాన్ని గోనెపట్టాలో వేసి మోసుకొచ్చారు. పంది కోరకు పక్క చీరుకుపోయింది. పంది పడింది గనుక వాటాలు కూడా వచ్చాయి, ఎప్పటిలాగే రెండు పొట్లాలు. దెబ్బ తగలని పక్కన పిల్లలు చేరి పాలు తాగుతూనే ఉన్నాయి, అది వాటిని నెట్టేయలేదు. నేను ఏడుస్తూ, సంగటి పెట్టిన సంగతి నా అంతట నేనే చెప్పేశాను. తొమ్మిదేళ్ల పిల్లకు అంతకంటే తెలివి ఎక్కడిది? చిన్నాయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఆ తర్వాత, వాకిట్లో చేరిన వేటగాళ్లందరికీ వినిపించేటట్టు, “అదీ సంగతి! పాప ముద్ద పెట్టింది, కుక్క బరువెక్కింది. ఈ పాపే దాన్ని సంపింది” అన్నాడు. ఆ క్షణంలో ఆయన ముఖంలో కనిపించింది కోపమనే ఇన్నేళ్లూ అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే అది ఊరట.

ఆ రాత్రి ఆయన రెండు వాటాలూ తిన్నాడు. గాడి వైపు తిరిగి చూడలేదు. చుక్కి మూడో రోజు పోయింది. చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, పిల్లలకు గుడ్డవత్తితో ఆవుపాలు పట్టింది. రెండు బతికాయి, వాటిని గొర్రెల కాపరికి ఇచ్చేశారు.

తర్వాత అది మా ఇంట్లో హాస్యమైపోయింది. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, నేను ఎవరికి వడ్డించబోయినా, “ఆ పిల్ల చేతి ముద్ద తినొద్దురో, చుక్కి గతి పడుతుంది” అని ఎవరో ఒకరు అనేవారు, అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. ఇరవై మూడేళ్లు నవ్వాను. నా పెళ్లిలో అప్పగింతలప్పుడు కూడా చిన్నాయన మా ఆయన చెవిలో అదే మాట వేశాడు. మా ఆయనకు అది సరదా కథ. నాకేమో బాబు పుట్టి, ఉగ్గు మొదలుపెట్టిన రోజు నుంచి భయం. వంటింటి కాటాలో గ్రాములు చూసి పెడతాను. రెండు చెంచాలు ఎక్కువైతే వాడి కడుపు నిమురుతూ కూర్చుంటాను. పిల్లల డాక్టరమ్మ ఎన్నిసార్లు మందలించినా నా భయం ఎక్కడి నుంచి వస్తోందో ఆవిడకు చెప్పలేకపోయాను. కుక్కకు పెట్టిన సంగటి గురించి ఏ డాక్టరుకు చెబుతాం?

అసలు సంగతి నాకు తెలిసింది ఆఫీసు బస్సు వెనక పరిగెత్తుతున్నప్పుడు. ప్రసూతి సెలవులు అయిపోయి ఉద్యోగంలో తిరిగి చేరిన మొదటి వారం. హైటెక్ సిటీ వైపు వెళ్లే బస్సు మా క్రాస్‌రోడ్డు దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగదు. ఒకప్పుడు దాన్ని పరిగెత్తి ఎక్కడంలో నాకు పేరుండేది. ఆ రోజు బాబు సరిగా తాగకుండానే నిద్రపోయాడు, ఆలస్యమైంది, బస్సు కదులుతోంది. పరిగెత్తాను. ఇరవై అడుగులు వేశానో లేదో, రొమ్ములు రాళ్లలా బరువై, అడుగడుగుకూ పోటు పెట్టి, కుర్తా తడిసిపోయి, దుపట్టా ముందుకు లాక్కుని ఇడ్లీ బండి పక్కన వంగి నిలబడిపోయాను. బస్సు పోయింది. బండి ఆమె, “బాలింతరాలివి, ఎందుకమ్మా గట్ల ఉరుకుతవు?” అంది.

ఆ మాట దగ్గర నాకు అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. చుక్కి బాలింత. నాలుగు పిల్లలకు పాలిస్తున్న ఒళ్లది. అది ఎలా పరిగెత్తుతుంది? పిడికెడు సంగటి దాన్ని ఆపలేదు. ఆ సంగతి వేట పెద్దకు తెలియకుండా ఉంటుందా? తెలిసే తీసుకువెళ్లాడు, తెలిసే నా నెత్తిన పెట్టాడు. ఆ ఇడ్లీ బండి పక్కనే నిలబడి ఏడ్చాను, తర్వాత ఏడుపు ఆగిపోయి కోపం మొదలైంది. ఆ కోపాన్ని ఎనిమిది నెలలు జాగ్రత్తగా పెంచాను, బాబుతో పాటే. నేను మరిచిపోయే మనిషిని కాను, క్షమించి పెద్దదాన్ని అనిపించుకోవాలనే కోరికా లేదు. అందుకే ఆ ఆహ్వానపత్రానికి అందరికంటే ముందు ‘తప్పకుండా వస్తాం’ అని జవాబు పెట్టింది నేనే.

నిన్న మధ్యాహ్నం విందు. ఎముక ఆకారంలో కేకు. చిన్నాయన సోఫాలో, ఒళ్లో బ్రూనో. దాని తల నిమురుతూ, చేత్తో ముక్కలు తినిపిస్తూ, వచ్చిన ఇరుగుపొరుగుకు చెబుతున్నాడు, “మొదట్నుంచీ మా ఇంట్లో కుక్కల్ని బిడ్డలట్లనే చూసుకుంటాం సార్.” ఆ కుక్క చూపేమో బాల్కనీ కటకటాల మీద వాలిన పావురాల మీదే ఉంది, ముక్కు అదురుతోంది. దానికి అన్నీ ఉన్నాయి, పని తప్ప.

నేను బాబుకు పెరుగన్నం పెడుతున్నాను. చిన్నాయన అటు చూసి, అలవాటుగా గొంతు పెంచాడు. “ఈ పాప ఉండాదే, మా చుక్కిని ముద్దలు పెట్టి సంపింది! ఏం పాపా, బిడ్డకన్నా కొలిసి పెట్టు, రేపు పరుగుపందెంలో వెనకబడతాడు!” ఇల్లంతా నవ్వింది.

ఈసారి నేను నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి అడిగాను. “చిన్నాయనా, ఆ పొద్దుకి చుక్కి ఈని ఎన్ని దినాలు?”

“ఏమో పాపా, ఎవరికి గుర్తు?” అన్నాడు, కానీ కుక్క తలమీద చెయ్యి ఆగిపోయింది.

“ఇరవై దినాలు.” వంటింటి గుమ్మంలోంచి వచ్చిందా గొంతు. చిన్నమ్మ, చేతిలో పెరుగు పచ్చడి గిన్నె. “పిల్లలు అప్పుడప్పుడే కండ్లు తెరిచి తిరుగుతాండాయి. పాలిచ్చే కుక్క, ఈ పొద్దుకి వదిలెయ్ అని నేను అంటే, కుక్కకు పురిటి సెలవులా అంటివి గదా. నాకు గుర్తుండాది.”

చిన్నాయన మనవరాలికి ఇప్పుడు తొమ్మిదేళ్లు, అప్పటి నా వయసు. అది వచ్చి ఆయన మోకాలి దగ్గర నిలబడింది. “మరెందుకు తీస్కెళ్లావ్ తాతా?”

“అది వేటకుక్క గదమ్మా. పని కుక్క.”

“బ్రూనో కూడా వేటకుక్కే కదా. మా పుస్తకంలో ఉంది.”

ఆ పిల్ల బ్రూనోను రెండు చేతులతో తాత ఒళ్లోంచి ఎత్తుకుని, లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

భోజనాల దగ్గర గరిటె నేనే తీసుకున్నాను. చిన్నాయన పళ్లెంలో మాంసం వడ్డించాను. ఆగి, మళ్లీ అంతే వడ్డించాను. “ఇది నీ వాటా చిన్నాయనా. ఇది చుక్కిది. ఆ పొద్దు రెండూ తింటివి గదా, ఈ పొద్దు కూడా తిను.” గట్టిగా అనలేదు, ఆయనకూ చిన్నమ్మకూ వినిపించేంతే అన్నాను. ఆయన పళ్లెం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒక్క ముద్ద కూడా ఎత్తలేదు. చిన్నమ్మ ఎదురుగా కూర్చుని కడుపునిండా తింది.

దారిలో మా ఆయన, పెద్దమనిషిని అంతమంది ముందు అలా అనాల్సింది కాదేమో అన్నాడు. నన్ను అందరి ముందే అన్నారు కదా, ఇరవై మూడేళ్లు, అన్నాను. ఈ ఉదయం చూస్తే చిన్నాయన గ్రూపులోంచి తప్పుకున్నాడు. నాకు చాలా హాయిగా ఉంది, ఆ మాట దాచుకోను.

ఇప్పుడు ఇంట్లో ఇద్దరూ పడుకున్నారు, ఇది రాస్తూ కూర్చున్నాను. వేటకుక్క ఇంటి మనిషా, పనిమనిషా అని మా అపార్ట్‌మెంటులో కుక్కలున్న వాళ్లు లిఫ్టు దగ్గర వాదించుకుంటుంటారు. ఏదైనా ఒకటి అనుకోండి, మాట మీద ఉండండి, అంతే నేను అడిగేది. పనిదైతే దానికి పురుడుంటుంది, వాటా ఉంటుంది, దెబ్బ తగిలితే పక్కన కూర్చునే మనిషుండాలి. ఇంటిదైతే దానికీ ఇంట్లో చోటుంటుంది. మా ఆఫీసులోనూ పని మిగిలిపోయినప్పుడు మనమంతా ఒక కుటుంబం అంటారు, నేను బాబును కని తిరిగి వచ్చేసరికి నా పని వేరేవాళ్ల చేతిలో ఉంది.

ఆ గాడి ఇప్పుడు లేదు, ఆ చేలు కూడా లేవు. మోదుగాకుల పొట్లం ఎలా కడతారో మా బాబుకు చూపించాలన్నా నాకు ఆకులు దొరకవు. కుక్కలు మెత్తటి పరుపులు ఎక్కాయి, పరుగు మరిచిపోయాయి. చుక్కి లాంటిది ఒకటి ఉండేదని చెప్పగలిగే వాళ్లం ముగ్గురమో నలుగురమో మిగిలాం, అందులో ఒకరు అబద్ధం చెబుతూ వచ్చారు.

ఈ సాయంత్రం బాబుకు సంగటి చేశాను, మెత్తగా, కాస్త నెయ్యి వేసి. కాటా అలమరలోనే ఉంది, తీయలేదు. వాడు తిని, నా వేళ్ల సందుల్లో మిగిలింది కూడా నాకాడు. అప్పుడు తట్టింది, చుక్కి తన బతుకులో చివరిసారి ఆకలి తీరా తిన్నది నా చేతి ముద్దే.